పోలిక బావి

వీధిలో వాళ్లు ఆమెను సీసాలమ్మ అంటారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. భుజాన వేలాడే సంచిలో గాజు సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతుంటాయి కాబట్టి సందు మలుపు తిరగకముందే ఆమె రాక తెలిసిపోతుంది. పాత సీసాలు కొనే మనిషి కాదామె. చదువుకుంది, రోడ్డు పదార్థాల పరీక్షాకేంద్రంలో ఉద్యోగం చేస్తుంది, అక్కడ తెల్లకోటు వేసుకుంటుంది. అయితేనేం, జనం పెట్టే పేరుకి మన చదువుతో పనేముంది?

రోడ్డు వేస్తే మట్టికి, గాలికి, నీటికి ఎంత నష్టమో కొలవడం ఆ కేంద్రం పని. పూర్వం ఈ లెక్కలేవీ లేవు. కొండ పేల్చామా, కంకర కొట్టామా, పరిచామా, అంతే. కొండలు తరిగిపోతున్నాయని పెద్దలకు బెంగ పట్టుకున్నాక కంకరకు బదులు చిట్టెం వచ్చింది. ఉక్కు కరిగించే కొలిమిలో పైకి తేలి, చల్లారాక రాయిలా గట్టిపడే నల్లటి మడ్డి పేరు చిట్టెం. ఫ్యాక్టరీకి అది ఎక్కడ పారెయ్యాలో తెలియని చెత్త, రోడ్డు వేసేవాడికి ఊరికే దొరికే రాయి. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది ఇద్దరికీ. నల్లగా నిగనిగలాడే ఆ రోడ్డుకి పచ్చ రోడ్డని పేరు పెట్టి, ఊరి శివార్లలో ప్రయోగానికి ఒకటి వేశారు.

మరి దాని నష్టం కొలవాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? దానికో నియమం ఉంది. చిట్టెం చెత్త కాబట్టి, చెత్తకు వెనకటి పాపం అంటదు. కుప్ప మీదనుంచి రోడ్డుకి వెళ్లే లారీ ఎక్కిన క్షణంలో లెక్క మొదలవుతుంది. లారీ తాగే డీజిలు, తారు కాచే పొగ, రోడ్డు మీద పడ్డ వాన తనతో పాటు భూమిలోకి ఏం మోసుకుపోతోంది, ఇవన్నీ కొలుస్తారు. లారీ ఎక్కకముందు జరిగిందంతా ఎవరి ఖాతాలోదీ కాదు.

ఈ సంగతి ఒకసారి వదినకు చెప్పింది సీసాలమ్మ. వదిన దుప్పటి పిండుతూ నవ్వింది.

"బాగుందే మీ లెక్క. గిన్నె పొయ్యి మీదికెక్కాకే వంట మొదలైనట్టా? కట్టెలు మోసింది ఎవరి లెక్క?"

"అది వేరే లెక్కలే వదినా. నీకర్థం కాదు" అంది సీసాలమ్మ. వదిన మాట ఆమెకు చాలా కాలం తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం?

వదిన గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు నడవదు. అన్న పెళ్లి చేసుకుని తీసుకొచ్చేనాటికి సీసాలమ్మ బడికెళ్లే పిల్ల, తల్లి లేని పిల్ల. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గదా, "ఈ ఇంట్లో నాకు మొగుడొకడు, అర్ధమొగుడొకతి, వెరసి ఒకటిన్నర మొగుళ్లు" అని నవ్వుతూ ఆ పిల్లకు జడలు వేసింది వదిన. అన్న అర్ధాంతరంగా పోయాక పుట్టింటికి పొమ్మన్నవాళ్లు చాలామందే ఉన్నారు. పోలేదు. లాడ్జీల దుప్పట్లూ గలీబులూ ఉతికే పని పట్టుకుని, పెరట్లో బావి దగ్గర చాకిరీ చేసి ఆ పిల్లను చదివించింది. పొద్దున లేచింది మొదలు వదిన చేతులు నీళ్లలోనే ఉండేవి. సీసాలమ్మకు మొదటి జీతం వచ్చినప్పుడు "ఇంక ఉతకడం మానెయ్ వదినా" అంటే, "మానేసి? నీ సీసాలు కడుగుతూ కూర్చోనా?" అంది.

ఆ పెరటి బావే పోలిక బావి అయింది.

రోడ్డు వల్ల నీళ్లు చెడాయో లేదో తెలియాలంటే రెండు రకాల నీళ్లు కావాలి. ఒకటి రోడ్డు పక్క బావులవి, రెండోది రోడ్డు ప్రభావం తగలని చోటిది. ఆ రెండోదాన్నే పోలిక బావి అంటారు. అది రోడ్డుకు ఎగువన ఉండాలి, నీళ్లు స్వచ్ఛంగా ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకాలి. డైరెక్టరు గారు మంచి బావి కోసం వెతుకుతుంటే సీసాలమ్మే నోరు విప్పింది. "మా పెరట్లో ఉంది సార్. ఎగువనే. నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి." పరీక్ష చేశారు. నిజంగానే అంత బాగున్నాయి. డైరెక్టరు గారు మురిసిపోయి, బావి గోడకు నీలంరంగు రేకు బోర్డొకటి బిగించమన్నారు. దాని మీద కేంద్రం ముద్ర, కింద తెల్లటి అక్షరాలతో "పోలిక బావి. స్వచ్ఛ నీటి ప్రమాణం." మేకులు కొట్టింది సీసాలమ్మే. వదిన నిచ్చెన పట్టుకుంది.

ఆ బోర్డుకు అర్థం సీసాలమ్మకు తెలుసు, డైరెక్టరుకు తెలుసు. వీధికి ఇంకో అర్థం తెలిసింది. ఈ నీళ్లు మంచివని సర్కారు రాసిచ్చిందని! పక్క సందుల్లోంచి బిందెలు రావడం మొదలైంది. బాలింతలకు ఆ నీళ్లే కాచి పోశారు. "మా ఆడపడుచు పెట్టించింది" అని వదిన వచ్చినవాళ్లకల్లా ఆ బోర్డు చూపించేది. కొంగుతో దాని మీద దుమ్ము తుడిచేది. ఆ అక్షరాలకున్న అసలు అర్థం అది కాదని చెబుదామని సీసాలమ్మ ఒకట్రెండుసార్లు అనుకుంది. నీళ్లు ఎలాగూ మంచివే కదా, చెప్పి వాళ్ల సంబరం చెడగొట్టడం ఎందుకని ఊరుకుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. పచ్చ రోడ్డు బాగుందని మరిన్ని రోడ్లు వేయబోయారు. చిట్టెం అమాంతం కొలిమిలోంచి తెచ్చి పరిస్తే పనికిరాదు. పచ్చి చిట్టెం తడి తగిలితే ఉబ్బుతుంది, రోడ్డు పగులుతుంది. ఎండకూ వానకూ వదిలేసి, పైపులతో తడిపి, నెలల తరబడి దాన్ని మెత్తబరచాలి. అందుకో జాగా కావాలి. కంకర అక్కర్లేదు కదాని కొండ దగ్గర క్వారీ మూసేశారు గనుక దాని గొయ్యి ఖాళీగా ఉంది. కొండను కాపాడింది చిట్టెమే కాబట్టి కొండ గోతిలోనే చిట్టెం పోశారు. ఆ గొయ్యి సరిగ్గా ఆ వీధి వెనక, ఎగువన. కొండ పేలుళ్లు ఆగి చిన్నపిల్లలు సుఖంగా నిద్రపోతున్నారని వీధి వీధంతా సంతోషించింది. నిజమే, చప్పుడు లేదు. నీళ్లు భూమిలోకి ఇంకితే చప్పుడవదు కదా.

మొదట గమనించింది వదినే. "అమ్మాయ్, నీళ్లు మెత్తబడ్డాయే. సబ్బు సగం చాలుతోంది. దుప్పట్లు జిడ్డంతా ఇట్టే వదిలేస్తున్నాయి" అంది సంతోషంగా. వేళ్ల మధ్య నీళ్లు జారుడుగా ఉన్నాయంది. లాడ్జీ వాళ్లు ఉతుకు బాగుందని మెచ్చుకున్నారట. ఇదంతా బావి గొప్పేనని వీధి కూడా ఒప్పుకుంది. తర్వాతి ఏడాది వదిన చేతులు పొట్టు రాలడం మొదలైంది. "వయసొచ్చింది, తోలు ఊడదూ మరి?" అంది. కొబ్బరినూనె రాసుకుంది.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. నెలనెలా ఆ బావి నీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేసే మనిషి ఆ ఇంట్లోనే ఉంది కదా, ఆమెకు తెలియదా అని. తెలియలేదు. ఎందుకు తెలియలేదో చెబుతాను. వింటే ఒళ్లు మండుతుంది.

ఆ కేంద్రంలో ఒక యంత్రం ఉంది. నీళ్లలో ఒక మందు చుక్క వేస్తే, చిట్టెంలోంచి దిగే లోహం ఉంటే ఊదారంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే లోహం అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని యంత్రం అంకెగా చూపిస్తుంది. అయితే ముందుగా దానికి సున్నా అంటే ఏమిటో చెప్పాలి. మామూలుగా అందుకు బట్టీ పట్టిన నీళ్లు, అంటే ఆవిరి చేసి మళ్లీ చల్లార్చిన నీళ్లు, వాడతారు. ఆ కేంద్రంలో బట్టీ ఎప్పుడో పాడైంది. కొత్తది అడిగితే డైరెక్టరు గారికి ఒక తెలివైన ఆలోచన తట్టింది. ఎలాగూ రోడ్డు నీళ్లలోంచి పోలిక నీళ్లను తీసెయ్యాల్సిందే కదా, పోలిక బావి నీళ్లనే యంత్రానికి సున్నాగా చూపిస్తే ఆ తీసివేత అదే చేసేస్తుంది, పనీ తగ్గుతుంది. అప్పటినుంచీ అదే అలవాటు. వదిన బావి నీళ్లు పొయ్యాలి, మందు వెయ్యాలి, మీట నొక్కాలి. యంత్రం సున్నా చూపిస్తుంది. ఆ నీళ్లలో విషం కలిపి పోసినా సున్నాయే చూపిస్తుంది, ఎందుకంటే దాన్ని సున్నా అనుకొమ్మని చెప్పింది మనమే.

వదిన సీసాలో మందు వేసినప్పుడు లేత ఊదా జీర ఒకటి కనబడేది. ఏడాదికేడాది ముదురుతూ వచ్చింది. మందు తయారుచేసే కంపెనీ మారింది, దాని రంగే కాబోలు అనుకుంది సీసాలమ్మ. నమ్మకానికి ఒక సాకు చాలు.

ఇంకో తమాషా చూడండి. బావి చెడుతున్న కొద్దీ రోడ్డు బాగుపడింది! రోడ్డు పక్క బావుల అంకెలు ఏటేటా తగ్గుతూ వచ్చి, ఒక ఏడాది సున్నా కిందికి దిగి తీసివేత గుర్తుతో కనిపించాయి. సీసాలమ్మ కంగారుపడి కాగితం తీసుకుని డైరెక్టరు గారి గదికి పరిగెత్తింది. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"అంటే ఏమిటన్నమాట? రోడ్డు నీటిని శుద్ధి చేస్తోంది!"

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆ మాట మీద ఒక పెద్ద సభ జరిగింది. నీటిని శుభ్రపరిచే రోడ్డని పత్రికల్లో వచ్చింది. వేదిక మీద సీసాలమ్మకూ ఒక శాలువా కప్పారు. ఆ శాలువా తెచ్చి వదినకు కప్పితే, వదిన పొట్టు రాలే చేతులతో దాన్ని నిమిరి, "ఉతికితే రంగు దిగుతుందేమోనే" అంది.

అదే చలికాలంలో వదినకు నడుంనొప్పి పట్టుకుంది. మూత్రంలో మంట మొదలైంది. డాక్టరు చూసి, మూత్రపిండాల్లో ఏదో తేడా ఉంది, ప్రస్తుతానికి నీళ్లు బాగా తాగమన్నాడు. వదిన డాక్టరు చెప్పింది తు.చ. తప్పకుండా చేసే మనిషి. పెద్ద రాగిచెంబు పక్కనే పెట్టుకుని, ఆ బావి నీళ్లే గుక్క తిప్పుకోకుండా తాగింది. మర్చిపోతే సీసాలమ్మ గుర్తు చేసేది. గ్లాసు నింపి చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. ఎంతెంత ప్రేమగా ఇచ్చేదో!

నిజం బయటపడింది ఎవరి తెలివివల్లా కాదు. ఒకరోజు ఆటో గతుకులో పడి సంచిలో ఒక సీసా పగిలింది. పగిలింది పోలిక బావి సీసాయే. మళ్లీ ఇంటికి వెళ్లి తెచ్చే ఓపిక లేక, కొట్లో అమ్మే మంచినీళ్ల సీసా ఒకటి కొని, ఈ ఒక్కసారికి దాంతోనే సున్నా పెట్టింది. మందు చుక్క వేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఏ జీరా లేదు.

ఆ గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. అంటే ఆ ఊదారంగు మందుది కాదా?

రోడ్డు పక్క బావుల నీళ్లు పెడితే ఎప్పుడూ లేనంత అంకెలు వచ్చాయి. యంత్రం చెడిందనుకోవడానికి శతవిధాల ప్రయత్నించింది. తర్వాత పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లి, వదిన చూస్తుండగానే చెంబులోని నీళ్లు సీసాలో ఒంపుకుని తిరిగొచ్చింది. మందు వేసేసరికి గొట్టంలో నేరేడుపండు రంగు తేలింది. మీట నొక్కితే అంకె రాలేదు. తన కొలతకు మించిపోయినప్పుడు యంత్రం చూపించే గీతలు మాత్రం వచ్చాయి.

డైరెక్టరు గారు చెడ్డవాడైతే ఈ కథ తేలిగ్గా అయిపోయేది. ఆయన మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నారు.

"మంచి పని చేశావమ్మా. చాలా పెద్ద పొరపాటు పట్టుకున్నావు. వెంటనే సరిదిద్దుదాం. పోలిక బావి మార్చేద్దాం."

"మరి ఆ బావి సార్?"

"ఆ బావిని మన లెక్కలోంచి తీసేస్తాం."

"తీసెయ్యడం కాదు సార్, అక్కడ జనం తాగుతున్నారు. కుప్ప అక్కణ్నుంచి ఎత్తించాలి. మా వదిన..."

ఆయన నిజంగానే బాధపడ్డారు. "నాకు తెలీదా అమ్మా? కానీ మన నియమం నీకు తెలిసిందే. కుప్ప మన లెక్క కిందికి రాదు. రోడ్డుకి వెళ్లే లారీ ఎక్కాకే మనది. ఫ్యాక్టరీ వాళ్లను అడుగు."

ఫ్యాక్టరీ వాళ్లను అడిగితే, గేటు దాటాక అది తమ సరుకు కాదు, రోడ్డు సరుకన్నారు. నీటి శాఖకు వెళ్లి, కనీసం వీధికి రోజుకో ట్యాంకరు పంపమని ప్రాధేయపడింది. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆ బావి చెడిందని ఎలా రాయను మేడమ్? జిల్లాలో మంచినీళ్లకు నమూనాయే అది. మొదటినుంచీ సున్నా. ఇదిగో, ప్రతి నెలా కింద సంతకం. ఇది మీదే కదా?"

ఆమెదే. తిలాపాపం తలా పిడికెడంటారు, ఇక్కడ తలా పిడికెడు తీసుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు. మొత్తం తెచ్చి ఆమె కొంగులో పోశారు.

ఇంటికొచ్చి వదినకు చెప్పడానికి నీళ్లు నమిలింది. చివరికి చెప్పింది. వదిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని విన్నది.

"బోర్డు నువ్వే కొట్టావు కదే" అంది ఒక్కమాట.

ఆ రోజునుంచి ఆడబిడ్డతో మాట్లాడటం మానేసింది. కొన్న నీళ్లు గ్లాసులో పోసి పక్కన పెడితే, సీసాలమ్మ అవతలికి వెళ్లాక తాగేది.

వారం తిరక్కుండా కేంద్రం నుంచి ఇద్దరు మనుషులు వచ్చి బోర్డు ఊడదీశారు. అవతలి వీధిలో కొత్త పోలిక బావి దొరికిందట. బోర్డు ఉన్నచోట గోడ మీద వెల్ల తెల్లగా, నలుచదరంగా మిగిలింది. ఆ తెలుపు మీద సీసాలమ్మ ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు రాసింది. "ఈ నీళ్లు తాగకండి."

పొద్దున్నే బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఆ అక్షరాలు చూసి నిలబడిపోయారు. మొదట గుసగుసలు, తర్వాత గొంతులు లేచాయి.

"ఇదేం చోద్యం? నిన్నటిదాకా అమృతం, ఇవాళ విషమా?"

"బోర్డు పీక్కుపోయారని అక్కసమ్మా. తనకు లేని గొప్ప ఎవరికీ ఉండకూడదని!"

"కాదులే, నీళ్లు అమ్ముకుందామని చూస్తున్నట్టుంది."

సీసాలమ్మ గుమ్మంలోంచి బతిమాలింది. చిట్టెమన్నది, కుప్పన్నది, యంత్రమన్నది, సున్నా అన్నది. తన పొరపాటేనని అందరి ముందూ చెంపలు వేసుకుంది. ఒక్కరి చెవికెక్కితే ఒట్టు. రంగు లేదు, వాసన లేదు, మొన్నమొన్నటిదాకా ఈవిడే మంచివంది, ఎలా నమ్ముతారు? ఒకావిడ చేద బావిలోకి వదిలి నీళ్లు తోడింది, కొందరు బిందెలు నింపుకున్నారు.

అప్పుడు లోపల్నుంచి వదిన గ్లాసుతో వచ్చింది. గోడ పట్టుకుని, ఉబ్బిన కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆమె నేరుగా బావి దగ్గరికెళ్లి, ఆ చేదలో గ్లాసు ముంచి, నిండుగా పైకెత్తింది.

"మా ఆడపడుచు ఇన్నేళ్లు ఇవి మంచివంది. తాగాను. ఇప్పుడు చెడ్డవంటోంది. రెండు మాటలూ తనవే. దేన్ని నమ్మమంటారు?"

వదిన గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది.

సీసాలమ్మ ఒక్క దూకున వచ్చి చేతిమీద కొట్టింది. గ్లాసు రాళ్ల మీద పడి దొర్లింది. వదిన చేతి తోలు కాస్త ఆమె గోటికి అంటుకుని వచ్చేసింది. "వద్దు వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను, తాగకు" అని నిజంగానే కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

వదిన కిందికి చూసింది. ఇన్ని రోజుల తర్వాత ఆడబిడ్డ మొహంలోకి చూడటం అదే.

"పిచ్చిదానా, ఇన్ని చెంబులు నీ చేత్తో తాగించినప్పుడు సున్నా అన్నావు. ఈ ఒక్క గ్లాసు లెక్కకొచ్చిందా?" అని, మళ్లీ గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఖాళీ బిందెలవాళ్లు అవతలి వీధికి, కొత్త బోర్డున్న బావి దగ్గరికి వెళ్లారు. అప్పటికే నింపుకున్నవాళ్లు కాసేపు తటపటాయించి, పారబొయ్యడానికి మనసొప్పక, బిందెలు చంకనెత్తుకుని ఇళ్లకు పోయారు.